ఉడుకు నీళ్ల రాధాబాయి

స్వర్ణ కూతురు వర్షితకు ఆడపిల్ల పుట్టిందన్న మాట చెవిన పడి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ రాధాబాయి తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, తడిసినా బరువెక్కని పాత నూలు చీర కట్టుకుని, గడప పక్కన పీట మీద కూర్చుంది. ఫోను పక్కనే పెట్టుకుంది. చార్జింగు ఉందో లేదో గంటకోసారి చూసుకుంది. అది మోగలేదు. స్వర్ణ ఇంటి నుంచి మనిషి కూడా రాలేదు.

"దవాఖానల నుంచి ఇంకా రాలేదేమో," అన్నాడు భర్త సిద్ధిరాములు.

"మూడో రోజే వచ్చిన్రు. కాన్పు మంచిగనే అయిందట. కిరాణా దుకాణంల చెప్పిన్రు."

"మరి ఇయ్యాల పిలుస్తరేమో."

ఐదోరోజు పొద్దున ఏడు గంటలకు రాధాబాయి పీట మీద నుంచి చూస్తుండగానే పక్కింటి మునీరా వీధిలో నుంచి నడిచి వెళ్లింది. తలమీద కొంగు, చేతిలో గుడ్డ సంచి. ఆ సంచిలో ఏముంటాయో రాధాబాయికి చూడకుండానే తెలుసు: నువ్వుల నూనె సీసా, ఊదు పొట్లం, శనగపిండి డబ్బా, మెత్తటి పాత గుడ్డలు రెండు. అట్లా సర్దుకోవడం నేర్పింది తనే. మునీరా తలెత్తకుండా ఈ గడప ముందు నుంచి సాగి, స్టీలు సామాన్ల దుకాణం పక్క నుంచి స్వర్ణ వాళ్ల గల్లీలోకి తిరిగింది.

రాధాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి లోపలికి వెళ్లి, కట్టుకున్న నూలు చీర విప్పి మూలకు విసిరి కొట్టింది.

సిద్దిపేటలో ముస్తాబాద్ చౌరస్తా దగ్గర నాలుగు గల్లీల్లో ఎవరినడిగినా రాధాబాయి ఇల్లు చూపిస్తారు. రాధాబాయి అంటే ఒకవేళ తెలియకపోయినా ఉడుకు నీళ్ల రాధాబాయి అంటే తెలుస్తుంది. బాలింతలకూ పసిబిడ్డలకూ నీళ్లు పోయడం ఆమె పని. ముప్పై ఎనిమిదేళ్లుగా చేస్తోంది. కాళ్లు చాపుకుని కూర్చుని, పసిబిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని, వీపు మీద నూనె రాసి అరచేతులతో ఆమె మర్దన చేస్తుంటే, ఏడ్చే బిడ్డ కూడా కాసేపటికి నోట్లో వేలు పెట్టుకుని సోయి లేకుండా పడి ఉండేది. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లు నడుము మీద ధార కట్టినట్టు పోసేది. కాగులో నుంచి ఉడుకు నీళ్లు తీసి, చల్లవి కలిపి, మూడు వేళ్లు ముంచి చూసి, "ఆఁ, గిప్పుడు సరిగ్గున్నయి," అనేది. అన్నదంటే ఇక దానికి తిరుగు లేదు.

సిద్ధిరాములు మున్సిపాలిటీలో వీధులకు నల్లా నీళ్లు వదిలే పని చేసి రిటైరయ్యాడు. "మొగనివి సల్ల నీళ్లు, పెండ్లానివి ఉడుకు నీళ్లు, ఇద్దరు కలిస్తెనే సంసారం గోరెచ్చగుంటది," అని వీధిలో ఆటపట్టించేవాళ్లు. ఆ మాటకు రాధాబాయి పైకి కసురుకునేదే గాని, లోపల సంతోషించేది.

స్వర్ణ ఇల్లంటే ఆమెకు పనిచేసే ఇళ్లలో ఒకటి కాదు. ఇరవై ఐదేళ్ల కింద స్వర్ణకు వర్షిత పుట్టినప్పుడు నలభై రోజులు నీళ్లు పోసింది తనే. వర్షిత తల ఒక పక్కకు సొట్టగా ఉంటే రోజూ నూనె చేత్తో నిమిరింది తనే. ఆ పిల్ల పెళ్లై ప్రజ్ఞాపూర్ పోయేటప్పుడు, "అమ్మమ్మా, నాకు పిల్లలు పుడితే నువ్వే నీళ్లు పొయ్యాలె," అని మెడకు చుట్టుకుని మరీ చెప్పింది. ఇప్పుడు పుట్టింటికి కాన్పుకు వచ్చింది. పిలిచింది మునీరాను.

ఇంకెవరినైనా పిలిచినా రాధాబాయికి ఇంత మండేది కాదు.

మునీరా పద్నాలుగేళ్ల కింద బీదర్ వైపు నుంచి ఈ వీధికి కోడలిగా వచ్చింది. భర్త మతీన్ ఆటో నడుపుతాడు. పక్కింట్లో కిరాయికి దిగారు. తెలుగు ముక్క రాదు. అత్త లేదు, తల్లి దూరం. మొదటి కాన్పులో హీబా పుట్టినప్పుడు ఆ పిల్ల గుడ్ల నీళ్లు కుక్కుకుంటూ కూర్చుంటే, రాధాబాయి ఎవరూ పిలవకుండానే వెళ్లి, పొయ్యి మీద కాగు ఎక్కించింది. మొదటి చెంబు వీపు మీద పడగానే మునీరా "గరం! గరం!" అని అరిచింది.

"గరం గాదు, ఉడుకు అను," అంది రాధాబాయి.

"ఉడుకు," అంది మునీరా, పళ్లు బిగబట్టి.

మునీరా నేర్చిన మొదటి తెలుగు మాట అదే. ఆ తరవాత ఆ ఒక్క మాటే ఆమెను చాలా రోజులు తిప్పలు పెట్టింది. నీళ్లు ఉడుకు అంటే సరే, కాగినయి. రెండో వారంలో హీబాను ఒళ్లోకి తీసుకుని రాధాబాయి, "పిల్ల పెయ్యి ఉడుకుడుకుందే," అంటే, స్నానం చేయించినందుకేమో అనుకుని మునీరా నవ్వింది. జ్వరమని తెలిసేసరికి దవాఖానకు పరుగెత్తాల్సి వచ్చింది. మతీన్ ముచ్చటపడి మామిడి పండ్లు తెస్తే, "బాలింతవు, ముట్టకు, ఉడుకు చేస్తది," అంది రాధాబాయి. పండు చల్లగానే ఉంది కదా అని మునీరా దాన్ని చెంపకు ఆనించుకుని చూసింది. ఎండాకాలం సాయంత్రం గాలి లేక అందరూ గడపల్లో కూర్చుంటే "ఉడ్కవోస్తుంది" అనేవాళ్లు. కుక్కరు విజిల్ వేస్తే "బువ్వ ఉడికిందా" అని అడిగేవాళ్లు. చౌరస్తాలో పోరగాళ్లు కొట్లాడుకుంటే సిద్ధిరాములు "ఉడుకు నెత్తురు గదా" అని తల ఆడించేవాడు.

"ఖాలా, మీ తెలుగుల అన్నిటికీ ఒకటే మాటనా?" అని మునీరా ఒకరోజు విసిగి అడిగింది. రాధాబాయిని ఆమె మొదటి నుంచీ ఖాలా అనే పిలిచేది, తల్లి చెల్లెలిని పిలిచినట్టు.

"మాట ఒకటే బిడ్డా. ఉడుకే యేరు. చెయ్యి వెట్టి చూస్తె నీకే తెలుస్తది."

ఆ మాటకు ఇంకో అర్థాన్ని మునీరా హీబా ద్వారా నేర్చుకుంది. ఆరేళ్ల హీబా అష్టాచెమ్మలో ఓడిపోయి గవ్వలు విసిరేసి వస్తే, వెనక నుంచి పిల్లలు "ఉడుకుమోతు! ఉడుకుమోతు!" అని అరిచారు. దీనికేమిటి అర్థమని అడిగితే రాధాబాయి చెప్పింది: "ఎదుటోళ్లు గెలిస్తె ఓర్వలేనోళ్లను గట్లంటరు. కడుపుల ఉడుక్కుంటరు. పైకి పొగ గూడ రాదు." చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు.

అప్పటికే మునీరా రాధాబాయి వెంట పనికి వెళ్లడం మొదలుపెట్టింది. కాగు దించడం, నీళ్లు మోయడం, ఊదు వేయడం. తరవాత తరవాత బిడ్డను కాళ్ల మీద వేసుకోవడం. పదేళ్లు ఇద్దరూ ఒక్క మనిషి రెండు చేతుల్లా తిరిగారు. పోయిన మాఘంలో అది తెగింది.

బస్టాండు వెనక లింగమూర్తి ఇంట్లో, అతని కోడలికి నీళ్లు పోస్తున్నారు. మునీరా బకెట్లో నీళ్లు కలిపింది. రాధాబాయి వేళ్లు ముంచి, "గివి సల్లగున్నయి," అని తనే కాగులో నుంచి రెండు చెంబులు తెచ్చి కలిపింది. మొదటి చెంబు నడుము మీద పోయగానే బాలింత కెవ్వుమంది. వీపు ఎర్రగా కమిలింది. లింగమూర్తి భార్య పరుగెత్తుకొచ్చింది. రాధాబాయి బకెట్ వైపు, చెంబు వైపు చూసింది. ముప్పై ఎనిమిదేళ్లలో ఎన్నడూ ఇట్లా కాలేదు. అప్పుడు మునీరా, "నాదే తప్పు. నువ్వు చూసినంక నేను ఇంకో చెంబు ఉడుకువి పోసిన ఖాలా," అంది.

రాధాబాయి ప్రాణం లేచి వచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. ఆ ఇంటి వాళ్లందరి ముందూ మునీరాను నిలబెట్టి కడిగేసింది. "పదేండ్లు నేర్పితిని, ఉడుకేందో గోరెచ్చనేందో నీకు తెల్వకపాయె. పసిగుడ్డుకు గిట్ల పోస్తె ఏమయితుండె? రేపటి సంది నా ఎంబడి రాకు."

మునీరా సంచి తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. రాధాబాయి పిలవలేదు. ఆ తరవాత రాధాబాయికి వచ్చే పిలుపులు ఎందుకో తగ్గుతూ వచ్చాయి. మునీరాకు పెరుగుతూ వచ్చాయి. అదంతా మునీరా తన మీద చెప్పుకుని తిరగడం వల్లనే జరుగుతోందని రాధాబాయి నమ్మింది.

ఇప్పుడు స్వర్ణ ఇల్లు కూడా పోయింది.

ఆ తరవాతి నాలుగు రోజులూ రాధాబాయికి వేరే ధ్యాస లేదు. కూరగాయలకు దగ్గర దారి ఉండగా చుట్టు తిరిగి స్వర్ణ వాళ్ల గల్లీ మీదుగా పోయేది. గోడ అవతల నుంచి ఊదు వాసన వస్తే, ఇంత ఊదు ఎందుకు, బిడ్డకు ఊపిరాడొద్దా అనుకునేది. బిడ్డ ఏడిస్తే నిలబడి వినేది. అది చలికి ఏడ్చే ఏడుపని ఆమెకు తోచేది. ఏడవకపోతే, బిడ్డకు నలత చేసిందేమో అనుకునేది. మునీరా ఆ ఇంట్లో నుంచి నవ్వుతూ బయటికి రావడం ఒకరోజు చూసింది. ఆ నవ్వు చూసి కళ్లల్లో నిప్పులు పోసుకుంది. ఇంటికి వచ్చి గిన్నెలు ధనధన పడేసింది.

కిరాణా దుకాణంలో ఉప్పు కొంటూ, ఎవరూ అడగకుండానే అంది: "గా మునీరా నీళ్లు సరిగ్గ కాగనియ్యదు. మోచేతితోని చూస్తదట. చేతులుండంగ మోచేతితోని చూసుడేంది?"

"డాక్టర్లు గట్లనే చూడాల్నని చెప్తున్నరట గదా అమ్మా," అన్నాడు దుకాణం కాశయ్య.

"డాక్టర్లు పోసిన్రా నీళ్లు? నేను పోసిన. నీకు గూడ పోసిన."

కాశయ్య ఉప్పు పొట్లం కట్టాడు. ఆ సాయంత్రం సిద్ధిరాములు చాయ్ తాగుతూ నెమ్మదిగా అన్నాడు: "గా పిల్ల మీద ఎందుకే గంత ఉడుక్కుంటవు?"

"నేనెందుకు ఉడుక్కుంట? నాకేం తక్కువ?"

"తక్కువని నేనన్ననా?"

"ఆ పసిపిల్లకు సలి వెడ్తదని నా బాధ," అంది. అంటున్నప్పుడు ఆ మాట ఆమెకే నిజంలా వినిపించింది.

తొమ్మిదో రోజు ఆమె ఆగలేకపోయింది. సిద్ధిరాములు వాగు గట్టు నుంచి తెచ్చిన వావిలాకు ఒక కట్ట కట్టుకుని, ఇచ్చి వస్తానని వంక పెట్టుకుని బయల్దేరింది. స్వర్ణ తలుపు తీసి, ఒక్క క్షణం ఏమనాలో తెలియక నిలబడి, "రా రాధక్కా," అంది. ఆ తడబాటు రాధాబాయికి సూదిలా గుచ్చుకుంది. ఆగకుండా నేరుగా పెరట్లోకి నడిచింది.

పెరట్లో మునీరా చిన్న పీట మీద కాళ్లు చాపి కూర్చుంది. ఆ కాళ్ల మీద తొమ్మిది రోజుల పిల్ల, నూనెకు మెరుస్తూ పడుకుంది. పక్కన బకెట్. పొయ్యి మీద కాగు పొగలు కక్కుతోంది. వర్షిత మంచం మీద కూర్చుని బిడ్డనే చూస్తోంది. అమ్మమ్మను చూసి నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

రాధాబాయి వంగి బకెట్లో మూడు వేళ్లు ముంచింది.

"గివి ఉడుకు నీళ్లా, బాయి నీళ్లా? పసిగుడ్డును సలికి సంపుతవా?"

"సరిగ్గనే ఉన్నయి ఖాలా," అంది మునీరా, తల ఎత్తకుండా.

"నాకే చెప్తవా?"

రాధాబాయి చెంబు అందుకుని కాగులో ముంచింది. పొగలు కక్కే నీళ్లు నిండా తీసి బకెట్ మీదికి వంపబోయింది. చెంబు బిడ్డకు జానెడు దూరంలో ఉంది. మునీరా ఎడమ చేత్తో బిడ్డను లాగి ఎదకు హత్తుకుని, కుడి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి చెంబుకు తగిలింది. నీళ్లు ఎగిరి కొన్ని ఆమె ముంజేతి మీద, కొన్ని రాధాబాయి ఎడమ చేతి మీద పడ్డాయి.

"యా అల్లా!" అని మునీరా గిలగిలలాడింది. వర్షిత మంచం దిగి పరుగెత్తి బిడ్డను అందుకుంది. బిడ్డకు ఏమీ కాలేదు. స్వర్ణ చల్లటి నీళ్లు తెచ్చి మునీరా చేతి మీద ధారగా పోయసాగింది.

"నాలుగు సుక్కలు వడ్డయి, గంతకే మొత్తుకుంటవేందే," అంది రాధాబాయి, చెంబు పట్టుకునే.

"అమ్మమ్మా," అంది వర్షిత. "నీ చెయ్యి మీద గూడ పడ్డయి. కాలలేదా?"

రాధాబాయి చెయ్యి చూసుకుంది. మణికట్టు దాకా తడిగా ఉంది. తడి మీద నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. చర్మం ఎర్రబడుతోంది. ఆమెకేమీ తెలియలేదు. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టుంది.

"నాకేం గాలే," అంది. చెంబు కింద పెట్టింది.

"రాధక్కా, నువ్వు ఇంటికి పో," అంది స్వర్ణ. కోపంగా అనలేదు. బతిమాలినట్టు అంది. కోపంగా అని ఉంటే బాగుండేదని రాధాబాయి దారంతా అనుకుంది.

మధ్యాహ్నానికి ఆమె ఎడమ చేతి మీద రూపాయి బిళ్లంత బొబ్బలు రెండు లేచాయి. సిద్ధిరాములు మందు రాస్తూ అడిగాడు.

"నొస్తలేదా?"

"లేదు."

"జెర గూడ?"

ఆమె బొబ్బ మీద వేలితో నొక్కి చూసుకుంది. అతను లేచి లోపలికి వెళ్లి రెండు స్టీలు గ్లాసులు తెచ్చాడు. ఒక దాంట్లో కుండ నీళ్లు, ఇంకో దాంట్లో అప్పుడే దించిన చాయ్. "కండ్లు మూసుకో," అన్నాడు. ఆమె కుడి చేతి వేళ్లు పట్టుకుని ఒక గ్లాసుకు ఆనించాడు, తరవాత ఇంకో దానికి. "ఏది ఉడుకుది?"

రాధాబాయి చాలాసేపు ఆలోచించింది. మొదటిది అంది. అది కుండ నీళ్ల గ్లాసు.

మర్నాడు డాక్టరు రక్త పరీక్ష చూసి, షుగర్ వచ్చి ఎన్నేళ్లైందో చెప్పలేనన్నాడు. చేతుల్లో నరాలు మొద్దుబారాయన్నాడు. మందులు రాసి, వేడి పాత్రలు జాగ్రత్త అని చెప్పాడు. సిద్ధిరాములు మందుల చీటీ జేబులో పెట్టుకున్నాడు. రాధాబాయికి ఆ మాటలేవీ చెవికెక్కలేదు. మనసులో ఆమె లింగమూర్తి ఇంట్లో నిలబడి ఉంది. వేళ్లు ముంచింది ఎవరు, రెండు చెంబులు తెచ్చింది ఎవరు అని మళ్లీ మళ్లీ చూసుకుంటోంది. తను చెంబు ముంచేదాకా మునీరా ఎక్కడుంది? తన పక్కన లేదు. చాప మీద కూర్చుని బాలింత బిడ్డను ఎత్తుకుని ఉంది. ఆమె చేతులు రెండూ ఖాళీగా లేవు.

దవాఖాన నుంచి ఆమె తన ఇంటికి పోలేదు. మునీరా ఇంటి తలుపు తట్టింది. ఎనిమిది నెలల తరవాత మొదటిసారి.

హీబా తలుపు తీసి, బిత్తరపోయి, లోపలికి చూసింది. మునీరా గోడకు ఆనుకుని కూర్చుంది. కుడి ముంజేతికి కట్టు. రాధాబాయి ఎడమ చేతికి కట్టు. ఇద్దరూ ఒకరి కట్టు ఒకరు చూసుకున్నారు.

"లింగమూర్తి ఇంట్ల గానాడు ఉడుకు నీళ్లు ఎవలు కలిపిన్రు?" అంది రాధాబాయి, కూర్చోకుండానే.

మునీరా చేతి కట్టు అంచు సర్దుకుంది. "నువ్వే ఖాలా," అంది చివరికి.

"మరి నువ్వు కలిపినవని ఎందుకు చెప్పినవ్?"

"నీ మొకం చూసిన. చూడలేక చెప్పిన."

"నీకు ఎన్నడు తెలిసింది? నా చేతుల సంగతి?"

"ఏడాది ముందల్నే. నువ్వు చూసి అటు తిరగంగనే నేను సల్లవి ఒక చెంబు కలుపుతుంటి. గానాడు నా చేతుల పిల్ల ఉండె. కలపలేకపోయిన."

ఏడాది. ఏడాది పాటు తన వెనక, తనకు తెలియకుండా. ఆ చల్లటి చెంబు ఆగిపోయాకే తన పిలుపులు తగ్గాయి. రాధాబాయికి ముందు వచ్చింది కృతజ్ఞత కాదు. ఈ పిల్ల తన ఇళ్లు తీసుకుంది, తన పేరు తీసుకుంది, ఇప్పుడు మంచితనం కూడా మొత్తం తనే తీసుకుని కూర్చుంది. తనకు మిగిలింది తిట్టిన నోరు, మొద్దుబారిన చెయ్యి. ఆ మంచితనం మీద కూడా ఆమెకు కడుపు ఉడికిపోయింది.

"నన్ను పిచ్చిదాన్ని జేసినవ్," అంది. "ఒక్క మాట చెప్తె నీ సొమ్మేం పోతుండె?"

అప్పుడు మునీరా గొంతు లేచింది. రాధాబాయి ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

"చెప్తె ఇంటుంటివా? నలుగురి ముందల నన్ను తిట్టినవ్. ఉడుకేందో తెల్వదన్నవ్. గా మాట నాకు నేర్పిందే నువ్వు! నాకు ఉడుకు రాదనుకున్నవా ఖాలా? ఎన్ని దినాలు ఏడ్చిన్నో తెలుసా? స్వర్ణమ్మ పిలిస్తె నేను సంబురంగ పోయిన. నిన్ను గాదని నన్ను పిలిచిన్రని మస్తు సంబురపడ్డ. రోజు నీ గడప ముందలికెల్లి కావాల్నని పోయిన. ఇంకో తొవ్వ ఉండె. అయినా గటే పోయిన, నువ్వు చూడాల్నని."

చెప్పి ఆమె ఆగింది. చెప్పకూడనిది చెప్పినట్టు చేత్తో నోరు మూసుకుంది.

రాధాబాయికి ఎందుకో అప్పుడు ఊపిరాడింది. మెల్లగా గోడ పట్టుకుని మునీరా పక్కన చాప మీద కూర్చుంది.

"కావాల్నని పోయినవా?"

"ఆఁ."

"నేను గూడ చుట్టు తిరిగి వాళ్ల గల్లీలకెల్లి పోయిన. రోజు. పిల్ల ఏడుస్తుందా లేదా అని."

మునీరా ఆమె వైపు చూసింది. ఇద్దరిలో ఎవరు ముందు నవ్వారో తరవాత ఎవరు ఎంత అడిగినా హీబా చెప్పలేకపోయింది. నవ్వుతూనే మునీరా ఏడ్చింది. రాధాబాయి మంచి చేత్తో ఆమె తల నిమిరింది. క్షమించమని అడగలేదు. అడగడం ఆమెకు రాదు. "చెయ్యి మస్తు మండుతుందా?" అని మాత్రం అడిగింది. మండుతోందని మునీరా అంటే, "ఎట్లుంటది మంట?" అని మళ్లీ అడిగింది. ఎట్లుంటుందో మునీరా చెబుతుంటే, ఏదో ఊరి ముచ్చట విన్నట్టు శ్రద్ధగా వింది.

తరవాత తేరుకుని అంది: "రేపు పిల్లకు నీళ్లెవలు పోస్తరు? నీ కుడి చెయ్యి పాయె."

"నీ ఎడమ చెయ్యి పాయె."

"ఇంకా రెండున్నయి గదా."

మర్నాడు పొద్దున ఏడు గంటలకు వీధిలో వాళ్లు చూస్తుండగా ఇద్దరూ కలిసి నడిచారు. సంచి హీబా మోసింది. స్వర్ణ తలుపు తీసి ఇద్దరినీ చూసి కంగారుపడింది. రాధాబాయి గడప అవతలే నిలబడి అంది: "స్వర్ణమ్మా, నా చేతులకు ఉడుకు తెలుస్తలేదు. నిన్న డాక్టరు చెప్పిండు. నీళ్లు నేను ముట్ట. నూనె వెడ్త, పిల్లను పట్టుకుంట. నీళ్లు మునీరా చూస్తది. ఇష్టముంటె రానియ్యి."

తన లోపాన్ని ఇంకొకరి గడప ముందు గట్టిగా చెప్పడం ఆమె బతుకులో అదే మొదలు. స్వర్ణ జవాబు చెప్పేలోపే లోపల నుంచి వర్షిత, "అమ్మమ్మను రానియ్యే అమ్మా," అంది.

రాధాబాయి పెరట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. బిడ్డను కాళ్ల మీద వేయించుకుంది. కుడి అరచేతిలో నూనె పోయించుకుని చిన్న వీపు మీద పెట్టింది. ఆ చేతికి నూనె వెచ్చదనం తెలియలేదు, బిడ్డ ఒంటి వెచ్చదనమూ తెలియలేదు. కాని ఎక్కడ నొక్కాలో, ఎంత నొక్కాలో చేతికి తెలుసు. బిడ్డ కాసేపు ముక్కింది. తరవాత వేలు నోట్లో పెట్టుకుంది. మునీరా ఎడమ మోచెయ్యి బకెట్లో ముంచి చూసి, చెంబుతో నెమ్మదిగా పోసింది. బిడ్డ ఏడవలేదు.

"నా దగ్గర ఐదు రోజులు ఏడ్చింది," అంది మునీరా, కొంచెం ఓర్వలేనట్టు.

ఆ మాటకు రాధాబాయి ముఖం పెళ్లికూతురి ముఖంలా వెలిగిపోయింది. దాచుకుందామని తల వంచుకుంది గాని, స్వర్ణ చూసేసింది.

అప్పటి నుంచి ఎవరు పిలిచినా ఇద్దరూ వెళ్తున్నారు. పిలుపులన్నీ మునీరా ఫోనుకే వస్తాయి. అది రాధాబాయికి నచ్చదు. "నా నంబరు గూడ రాసి ఇయ్యి," అని ప్రతి ఇంట్లో అంటుంది. ఎవరైనా బాలింత, "మునీరమ్మ చెయ్యి మంచిది," అంటే, ఆ పూట ఆమె మునీరాతో మాట్లాడదు. మునీరాకూ ఆ సంగతి తెలుసు. అందుకని ఆ పూట ఆమే ఏదో ఒకటి అడిగి మాట కలుపుతుంది. రాధాబాయి మాత్రలు వేసుకుందా లేదా అన్నది ఎక్కువగా అడిగే సంగతి.

పోయిన వారం అక్కన్నపేట నుంచి పిలుపు వచ్చింది. బస్సులో మునీరా ముందు ఎక్కి కిటికీ పక్క సీటు పట్టింది. రాధాబాయి వచ్చి ఆమె ముందు నిలబడింది.

"జరుగు. నాకు ఉడ్కవోస్తుంది."

"నాకు గూడ పోస్తుంది ఖాలా."

"నేను పెద్దదాన్ని."

మునీరా గొణుగుతూ జరిగింది. బస్సు కదిలి గాలి తగిలేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.